రూట్ మైనస్ ఒకటి దగ్గర ఆగిపోయిన అమ్మాయికి

ప్రశ్న:

మాస్టారూ, నమస్కారం. నాకు పదిహేనేళ్లు. చిన్నప్పటి నుంచి లెక్కలంటే ఇష్టం. బళ్లో ఎప్పుడూ నాకే ఎక్కువ మార్కులు వచ్చేవి. ఈ ఏడాది ప్రవేశ పరీక్ష రాసి, ఆన్‌లైన్‌లో అడ్వాన్స్‌డ్ బ్యాచ్‌లో చేరాను. మొదటి రెండు నెలలూ బాగానే గడిచాయి. మూడు వారాల క్రితం సంకీర్ణ సంఖ్యలు (కాంప్లెక్స్ నంబర్లు) మొదలుపెట్టారు. అప్పటి నుంచి ఏమీ తలకెక్కడం లేదు. "మైనస్ ఒకటి వర్గమూలాన్ని ఐ అనుకుందాం" అని సార్ ఒక్క నిమిషంలో చెప్పేసి ముందుకు వెళ్లిపోయారు. లేనిదాన్ని ఉందని ఎలా అనుకోవాలి? కూడికలు, గుణకారాలు చేయగలను. కానీ ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

సార్ ప్రశ్న ఇస్తే, నేను చదవడం పూర్తయ్యేలోపే చాట్‌లో పది జవాబులు వచ్చేస్తాయి. ఒకసారి ధైర్యం చేసి √-4 × √-9 = 6 అని పెట్టాను. వెంటనే ముగ్గురు "మైనస్ 6" అని దిద్దారు. ఆ తర్వాత నేను చాట్‌లో ఒక్క అక్షరం రాయలేదు. పోయిన వారం టాన్ విలువ 1/2 అయ్యే కోణాన్నీ, 1/3 అయ్యే కోణాన్నీ కలిపితే సరిగ్గా 45 డిగ్రీలు వస్తుందని సంకీర్ణ సంఖ్యలతో రెండు లైన్లలో చూపించారు. అందరూ "సూపర్ సార్" అన్నారు. నాకు అర్థం కాలేదు. క్లాసు టైమ్ దగ్గరపడితే టెన్షన్ మొదలవుతోంది. నా తెలివి ఇంతేనేమో అనిపిస్తోంది. అమ్మకు చెప్పలేదు. ఇది మానేసి మామూలు బ్యాచ్‌కి వెళ్లిపోనా?

— పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం:

అమ్మా, ఇప్పుడే మానేయకు. ఎందుకో చెబుతాను. దానికి ముందు నీ పక్కన ఒక గ్రాఫ్ కాగితం, పెన్సిలు పెట్టుకో. ఊరికే చదువుకుంటూ పోతే ఈ జవాబు కూడా నీ క్లాసులాగే అయిపోతుంది.

"లేనిదాన్ని ఉందని ఎలా అనుకోవాలి?" అని అడిగావు. ఈ పాఠంలో మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అదే. ఆ ప్రశ్న రావడం తెలివి తక్కువతనం కాదు. గొప్ప గణితవేత్తలు రెండు వందల ఏళ్లకు పైగా దాని దగ్గరే తచ్చాడారు. మీ సార్ దాన్ని ఒక్క నిమిషంలో దాటేశారు కాబట్టి నీకు అక్కడే కాలు ఆగింది. ఆ నిమిషాన్ని మనం కాస్త సాగదీద్దాం.

పుస్తకాలన్నీ దాదాపు ఒకేలా మొదలుపెడతాయి. ఎక్స్ వర్గానికి 1 కలిపితే సున్నా రావాలి, అలాంటి సంఖ్య లేదు, కాబట్టి ఐ అనే కొత్త సంఖ్యను తెచ్చుకుందాం అంటాయి. నాకు ఈ ఆరంభం ఎప్పుడూ నచ్చలేదు. లేకపోతే లేదని ఊరుకోవచ్చు కదా? నిజానికి పాతకాలం వాళ్లందరూ అలాగే ఊరుకున్నారు. 1545లో ఇటలీలో కార్డానో అనే గణితవేత్త ఒక లెక్క చేశాడు: 10ని రెండు ముక్కలు చేయాలి, వాటిని గుణిస్తే 40 రావాలి. జవాబులు 5 + √-15, 5 - √-15. గుణించి చూస్తే 25 + 15, సరిగ్గా 40 వచ్చింది. ఆయన కూడా దీనివల్ల ఉపయోగమేమీ లేదని పక్కన పెట్టేశాడు.

ఊరుకోవడం కుదరని పరిస్థితి వేరే చోట వచ్చింది. ఒక సంఖ్య ఘనం, ఆ సంఖ్యకు 15 రెట్ల మీద 4కి సమానం కావాలి. ఆ సంఖ్య ఏది? 4 వేసి చూడు. 4 ఘనం 64. 15 నాలుగులు 60, దానికి 4 కలిపితే 64. అంటే జవాబు 4, అందరికీ తెలిసిన మామూలు సంఖ్య. కానీ అప్పటికి కొత్తగా కనుక్కున్న ఘన సమీకరణ సూత్రంలో పెడితే 4 రావడం లేదు. (2 + √-121) ఘనమూలం, (2 - √-121) ఘనమూలం, ఈ రెండిటి మొత్తం అని వస్తోంది. కళ్లెదుట ఉన్న 4కి వెళ్లే దారి, లేవనుకున్న సంఖ్యల మీదుగా పోతోందన్నమాట.

బొంబెల్లి అనే ఇంజినీరు ఆ దారిలో ధైర్యంగా నడిచాడు. 1572లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఈ లెక్క ఉంది. ఇప్పుడు నువ్వు కూడా చెయ్యి. (2 + ఐ)ని దానితోనే గుణించు: 4 + 4ఐ - 1, అంటే 3 + 4ఐ. దాన్ని మళ్లీ (2 + ఐ)తో గుణించు: 6 + 3ఐ + 8ఐ - 4, అంటే 2 + 11ఐ. √-121 అంటే 11ఐ కదా. కాబట్టి మొదటి ఘనమూలం 2 + ఐ, రెండోది 2 - ఐ. రెండూ కలిపితే ఐలు కొట్టుకుపోయి 4 మిగులుతుంది.

ఇది చేతితో చేసినవాళ్లకు "ఉందా, లేదా" అన్న బెంగ కొంత తగ్గుతుంది. కొంతే. ఆ సంఖ్య పనిచేస్తోందని తెలిసింది గానీ, ఎక్కడుందో ఇంకా తెలియలేదు.

ఇప్పుడు కాగితం మీద సంఖ్యారేఖ గియ్యి. 3 దగ్గర చుక్క పెట్టు. -1తో గుణిస్తే 3 ఎక్కడికి వెళ్తుంది? -3 దగ్గరికి. ఇప్పటిదాకా నువ్వు దాన్ని గుర్తు మారడం అనుకున్నావు. ఇకమీదట సున్నా చుట్టూ సగం తిరగడం అనుకో. 180 డిగ్రీలు తిరిగితే 3 వెళ్లి -3 మీద పడింది. ఇంకోసారి -1తో గుణిస్తే మిగతా సగం తిరిగి 3కే వచ్చింది. మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో కూడా ఇందులోనే ఉంది.

ఇప్పుడు నీ ప్రశ్ననే మార్చి అడుగుతాను. ఏ పని రెండుసార్లు చేస్తే సగం తిరిగినట్టు అవుతుంది?

పావు తిరుగుడు. 90 డిగ్రీలు రెండుసార్లు తిరిగితే 180. ఆ పావు తిరుగుడే ఐ. సంఖ్యారేఖ మీద ఉన్న 1ని పావు చుట్టు తిప్పితే అది రేఖ వదిలి, సున్నాకు సరిగ్గా పైన నిలబడుతుంది. అందుకే రేఖ మీద ఎంత వెతికినా ఐ దొరకలేదు. రేఖ మీద దానికి చోటు లేదు, కాగితం మీద ఉంది.

మాట మీద నమ్మకు, వేసి చూడు. మామూలు సంఖ్యా, ఐ రెట్లూ ఇలా కలిసిందే సంకీర్ణ సంఖ్య: 3 + 2ఐ అంటే మూలబిందువు (సున్నా) నుంచి కుడికి 3, పైకి 2. దాన్ని ఐతో గుణిస్తే 3ఐ - 2, అంటే -2 + 3ఐ. ఆ చుక్క పెట్టు. మళ్లీ గుణించు: -3 - 2ఐ. మళ్లీ: 2 - 3ఐ. మళ్లీ గుణిస్తే బయలుదేరిన చోటికే వచ్చావు. నాలుగు చుక్కలనూ కలిపితే చదరం వస్తుంది. మూలబిందువు నుంచి ఒక్కో చుక్కకూ గీత గీసి, పక్కపక్క గీతల మధ్య కోణమానిని పెట్టి చూడు, 90 డిగ్రీలు ఉంటుంది. ఈ బొమ్మను క్లాసులో నువ్వు చూసే ఉంటావు. కానీ చూడటం వేరు, నాలుగు చుక్కలూ సొంతంగా లెక్కగట్టి పెట్టడం వేరు.

ఇక ఆ 45 డిగ్రీల లెక్క. 2 + ఐ దగ్గర ఒక చుక్క పెట్టు. మూలబిందువు నుంచి దానికి గీత గీస్తే, అది అడ్డ అక్షంతో చేసే కోణానికి టాన్ విలువ 1/2. పైకి 1, పక్కకి 2 కదా. 3 + ఐ గీత కోణానికి టాన్ విలువ 1/3. రెండిటినీ గుణించు: 6 + 2ఐ + 3ఐ - 1, అంటే 5 + 5ఐ. ఆ చుక్క ఎక్కడుంది? పక్కకి 5, పైకి 5. కోణం 45 డిగ్రీలు. సంకీర్ణ సంఖ్యలను గుణిస్తే కోణాలు కలుస్తాయి, అందుకే మొదటి రెండు కోణాల మొత్తం 45. అందరూ సూపర్ అన్న ఆ రెండు లైన్లూ ఇవే. ఐతో గుణిస్తే 90 డిగ్రీలు తిరగడం కూడా ఇదే సూత్రం, ఎందుకంటే ఐ కోణం 90.

పొడవుల సంగతి కూడా చూడు. 2 + ఐ పొడవు √5, 3 + ఐ పొడవు √10, 5 + 5ఐ పొడవు √50. కోణాలు కలిస్తే పొడవులు గుణించుకున్నాయి. నాకు చాలా ఇష్టమైన లెక్క ఒకటి ఇందులోంచే వస్తుంది. 5 అంటే 4 + 1, 13 అంటే 9 + 4, రెండూ రెండేసి వర్గాల మొత్తాలు. మరి 65? (2 + ఐ)ని (3 + 2ఐ)తో గుణిస్తే 4 + 7ఐ వస్తుంది, 16 + 49 = 65. (3 - 2ఐ)తో గుణిస్తే 8 - ఐ వస్తుంది, 64 + 1 = 65. రెండు దారుల్లో వచ్చింది. రెండు వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుందన్న ఈ సంగతిని, ఐ పుట్టడానికి ఎంతో ముందు, 7వ శతాబ్దంలో మన బ్రహ్మగుప్తుడు ఇంకా విస్తృతమైన రూపంలో రాసిపెట్టాడు.

బొంబెల్లి పుస్తకం 1572. సంకీర్ణ సంఖ్యలను తలం మీద ఇలా చూపించిన వెస్సెల్ వ్యాసం 1797 నాటిది. ఆయన భూములు కొలిచే సర్వేయరు. డేనిష్ భాషలో రాయడం వల్ల దాదాపు వందేళ్లు దాన్ని బయటివాళ్లు చదవలేదు. 1806లో ఆర్గాండ్ అనే ఆయన విడిగా ఇదే బొమ్మ వేశాడు. నీ పుస్తకంలో ఆర్గాండ్ తలం అని ఉండేది అందుకే. అంటే లెక్క పనిచేస్తుందని తెలిసిన తర్వాత కూడా ఈ బొమ్మ దొరకడానికి 225 ఏళ్లు పట్టింది. నీకు పట్టింది మూడు వారాలు, అదీ ఎవరూ సరిగ్గా చూపించకుండా.

ఐకి పెట్టిన "కల్పిత సంఖ్య" అన్న పేరు కూడా నీలాంటి పిల్లల్ని చాలా ఇబ్బంది పెడుతుంది. "కల్పిత" అన్న మాట 1637లో ఫ్రెంచి గణితవేత్త డెకార్ట్ వాడిన మాట నుంచి వచ్చింది. 1, -1, ఐలను ధన, రుణ, కల్పిత అనకుండా నేరు, విలోమ, పక్క ప్రమాణాలు అని పిలిచి ఉంటే ఇంత చీకటి కమ్మేది కాదని 1831లో జర్మన్ గణితవేత్త గౌస్ రాశాడు. నువ్వు కొన్నాళ్లు మనసులో "పక్క సంఖ్య" అని అనుకుంటూ ఉండు. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్న పేరే రాయి.

ఇప్పుడు నిన్ను మూగదాన్ని చేసిన ఆ 6 సంగతి. విడివిడి వర్గమూలాలను గుణించడానికి బదులు, లోపలి సంఖ్యలను గుణించి ఒకేసారి వర్గమూలం తీయవచ్చని చిన్న తరగతుల్లో నేర్చుకున్నావు. నువ్వు వాడింది ఆ నియమమే. లోపల ఉన్న రెండు సంఖ్యలూ రుణ సంఖ్యలైతే అది చెల్లదు. √-4 అంటే 2ఐ, √-9 అంటే 3ఐ, గుణిస్తే 6 ఐ వర్గం, అంటే -6. ఎందుకు చెల్లదంటే, సున్నా కాని ఏ సంఖ్యకైనా వర్గమూలాలు రెండు. 4కి 2, -2 ఉన్నాయి. అందులో ధన సంఖ్యను తీసుకుందామని ఒప్పందం చేసుకున్నాం కాబట్టి ఆ నియమం నడిచింది. -4కి 2ఐ, -2ఐ ఉన్నాయి. వీటిలో ధన సంఖ్య ఏది? ఏదీ కాదు. ఐ సున్నా కన్నా పెద్దదనుకుంటే దాని వర్గం కూడా సున్నా కన్నా పెద్దది కావాలి, కానీ అది -1. చిన్నదనుకున్నా అదే చిక్కు. పాత ఒప్పందం నిలబడే నేల ఇక్కడ లేదు. అందుకే రుణ సంఖ్య వర్గమూలం కనిపించగానే ముందు ఐ రూపంలోకి మార్చుకో, గుణకారం ఆ తర్వాత.

ఇంకో మాట. గొప్ప గణితవేత్త ఆయిలర్ 1770 నాటి తన బీజగణిత పుస్తకంలో √-1 × √-4 = 2 అని రాశాడు. అది పొరపాటా, లేక ఆయన వర్గమూలం గుర్తును వేరే అర్థంలో వాడాడా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నువ్వు జారిన మెట్టు అంత పెద్దవాళ్లు కూడా తడుముకున్న మెట్టు.

క్లాసు విషయానికొస్తాను. నేను కొన్నేళ్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పాను. గదిలో పాఠం చెబుతుంటే పెన్ను ఆగిపోయిన పిల్ల కనిపిస్తుంది. తెర మీద నల్ల చదరాలే కనిపిస్తాయి. చాట్‌లో పది జవాబులు పడగానే క్లాసుకు అర్థమైపోయిందని నేనూ అనుకుని ముందుకు వెళ్లేవాణ్ని. నలభై మందిలో పది జవాబులు వస్తే మిగతా ముప్ఫై మంది ఏమయ్యారో ఆ క్షణంలో తట్టదు. నీకు కూడా ఆ పదే కనిపిస్తున్నాయి. నీలాగే నిశ్శబ్దంగా ఉన్న ముప్ఫై మంది నీకూ కనిపించరు. పైగా అలాంటి బ్యాచ్‌ల్లో ఈ పాఠం ముందే ఎక్కడో చదివి వచ్చినవాళ్లు కొందరు ఉంటారు. వాళ్లది రెండోసారి, నీది మొదటిసారి. ఈ రెండింటినీ పోల్చుకుని నీ తెలివికి కొలత వేసుకోకు.

క్లాసు జరుగుతున్నప్పుడు చాట్ కిటికీ మూసేయి. సార్ ప్రశ్న ఇవ్వగానే దాన్ని కాగితం మీద రాసుకుని, బొమ్మ వెయ్యి. జవాబు వచ్చినా రాకపోయినా నీ ప్రయత్నం ఎక్కడ ఆగిందో అక్కడ ఒక గీత గీసుకో. సాయంత్రం రికార్డింగ్‌లో ఆ చోటికి వెళ్లి, సార్ నోరు విప్పకముందే ఆపెయ్యి. పదిహేను నిమిషాలు నీ అంతట నువ్వు ప్రయత్నించి, ఆ తర్వాతే విను. రికార్డింగ్ మొత్తాన్ని మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చూడటం మాత్రం వద్దు. అప్పుడు అంతా తెలిసినట్టే అనిపిస్తుంది, కాగితం ముందు కూర్చుంటే చెయ్యి కదలదు.

సార్‌కు ప్రశ్న తప్పకుండా పంపు, చాట్‌లో ఇష్టం లేకపోతే విడిగా పంపు. "అర్థం కాలేదు సార్" అంటే ఆయన పాఠం మళ్లీ అదే వేగంతో చెబుతారు. "(2 + ఐ)(3 + ఐ) = 5 + 5ఐ దాకా వచ్చాను సార్. గుణిస్తే కోణాలు ఎందుకు కలుస్తాయో అక్కడ ఆగాను" అని రాస్తే ఏ మాస్టారికైనా ప్రాణం లేచొస్తుంది. దానికి జవాబు సైన్, కాస్‌ల కోణాల మొత్తం సూత్రాల్లో ఉంది. రెండు సంఖ్యలనూ పొడవు, కోణం రూపంలో రాసి గుణిస్తే వాస్తవ భాగంలో (ఐ లేని ముక్కలో) కాస్ సూత్రం, కల్పిత భాగంలో (ఐ ఉన్న ముక్కలో) సైన్ సూత్రం అచ్చుగుద్దినట్టు కనిపిస్తాయి.

అక్కడే నాకు ఒక అనుమానం ఉంది, అది నీ ఉత్తరంలో లేదు. ఆ సూత్రాలు నీకు ఎంత బాగా వచ్చు? వృత్తం మీద 30, 45, 60 డిగ్రీల చుక్కలను చూడకుండా పెట్టగలవా? 120, 210 డిగ్రీలకు సైన్, కాస్ గుర్తులు తడుముకోకుండా చెప్పగలవా? వయసు కన్నా ముందు తరగతుల పాఠాలు చదివే పిల్లలకు చాలాసార్లు ఇక్కడ ఖాళీ ఉంటుంది. త్రికోణమితిని త్రిభుజంతో నేర్చుకుంటారు, వృత్తంతో నేర్చుకోకముందే సంకీర్ణ సంఖ్యలు వచ్చి పడతాయి. అదే నీ చిక్కయితే రెండు వారాలు దాని మీద కూర్చో. హోంవర్కు కొంత వెనకబడినా ఫరవాలేదు. డిమూవర్ సిద్ధాంతం (సంకీర్ణ సంఖ్యల ఘాతాలను కోణాలతో లెక్కగట్టే సూత్రం) వచ్చేలోపు అది సరిచేసుకోకపోతే, తర్వాతి పాఠమంతా బట్టీ అయిపోతుంది.

మానేయాలా అన్నదానికి నా మాట ఇది. ఈ పాఠం పూర్తయ్యేదాకా ఉండు. అప్పుడు హోంవర్కులో ఒక కష్టమైన లెక్క తీసుకుని గంటసేపు దానితో గడుపు. జవాబు రాకపోయినా బొమ్మ వేసి, రెండు మూడు దారులు ప్రయత్నించి, ఎక్కడ ఆగావో చెప్పగలిగితే నువ్వు ఉండాల్సిన చోటే ఉన్నావు. గంట గడిచినా పెన్సిలు కదలకపోతే, క్లాసంటే భయం ఇప్పటిలాగే ఉంటే, మామూలు బ్యాచ్‌కి మారు. అక్కడ ఇవే లెక్కలు ఇంకాస్త నిదానంగా వస్తాయి. వచ్చే ఏడాది మళ్లీ ఇటు రావచ్చు. ఆ నిర్ణయం మాత్రం చాట్‌లో పడే జవాబులు చూసి తీసుకోవద్దు.

అమ్మకు ఈ రోజే చెప్పు. లెక్కలు తెలియాల్సిన అవసరం లేదు, నీకు టెన్షన్‌గా ఉందని తెలిస్తే చాలు. మూడు వారాలుగా నువ్వొక్కదానివే మోస్తున్నావు.

ఏకకపు ఘనమూలాలు (ఘనం చేస్తే 1 వచ్చే మూడు సంఖ్యలు: 1, ఒమెగా, ఒమెగా వర్గం) వచ్చినప్పుడు 1 + ఒమెగా + ఒమెగా వర్గం = 0 అని బట్టీ పట్టిస్తారు. మూలబిందువు నుంచి 120 డిగ్రీల ఎడంతో మూడు సమానమైన బాణాలు గియ్యి. ఒకే ముడికి కట్టిన మూడు తాళ్లను ముగ్గురు ఆ మూడు వైపులకు ఒకే బలంతో లాగితే ముడి కదలదు. ఆ సమీకరణం చెబుతున్నది అదే.

చివరగా నీకొక లెక్క ఇస్తాను. 5 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గియ్యి. కోణమానినితో 72 డిగ్రీలకొకటి చొప్పున దాని మీద ఐదు చుక్కలు పెట్టు. ఒక చుక్క నుంచి మిగతా నాలుగింటికీ గీతలు గీసి, పొడవులు కొలువు. ఒక్కో పొడవునూ 5తో భాగించి, వచ్చిన నాలుగు సంఖ్యలనూ గుణించు. జవాబు 5కి చాలా దగ్గరగా వస్తుంది. ఆరు చుక్కలు పెట్టి, ఒకదాని నుంచి మిగతా ఐదింటికీ కొలిస్తే 6కి దగ్గరగా వస్తుంది. ఎందుకో ఆలోచించు. ఆ ఐదు చుక్కలూ ఏ సమీకరణానికి మూలాలో ముందు కనుక్కో, దాన్ని కారణాంకాలుగా విడగొట్టు. ఎన్ని రోజులు పట్టినా సరే, నువ్వు ఎంతవరకు వచ్చావో, ఎక్కడ ఆగావో నాకు రాయి.